వలకన్ను పెంచాం, ఫలితం ఎలా తెలుస్తుంది?

తీరంలో వేటను ఊరూ మత్స్యశాఖా కలిసి నడుపుకునే పద్ధతి గురించి ప్రశ్నలు పంపమని అడిగితే ఒడిశాలోని గంజాం జిల్లా నుంచీ, ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం వైపు నుంచీ ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మాది సోనాపురం దగ్గరి పల్లె. చిన్నకన్ను (చిన్న రంధ్రాల) వల వాడకూడదని, కొన్ని నెలలు మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర వల వెయ్యకూడదని కట్టుబాటు పెట్టుకుని రెండేళ్లయింది. కమిటీలో ఉన్న మత్స్యశాఖ వాళ్లు ‘ప్రగతి చూపించండి’ అంటున్నారు. బోటుకు పడే చేప పెరిగిందని ఊరంతా చెబుతోంది. అది చాలదా?
— సమితి కార్యదర్శి, గంజాం జిల్లా

జవాబు: చాలదండీ. బోటుకు ఎన్ని కిలోలు అనేది సగం లెక్కే. ఆ కిలోల కోసం ఎంత వల ఎన్ని గంటలు నీళ్లలో ఉందో మిగతా సగం చెబుతుంది. రెండేళ్ల కిందట ఒక బోటు 20 ముక్కల వల వేసి, 4 గంటలు ఉంచి, 60 కిలోలు తెచ్చిందనుకోండి. 20ని 4తో గుణిస్తే 80. అరవై కిలోలను ఎనభైతో భాగిస్తే ముక్కకు, గంటకు 750 గ్రాములు. ఇప్పుడు అదే బోటు 30 ముక్కలు, 6 గంటలు వేసి 81 కిలోలు తెస్తోంది. ఒడ్డున నిలబడి చూసేవాడికి 21 కిలోలు పెరిగినట్టే. కానీ 81ని 180తో భాగించి చూడండి, 450 గ్రాములే వస్తుంది. పెరిగింది చేప కాదు, వల. ఏ ఊళ్లోనైనా ముక్కలు ఒకటీ రెండూ చొప్పున పెరుగుతూ పోతాయి, ఇంజను మారుతుంది, చేపలు చూపించే మిషను వస్తుంది. ఇవేవీ పుస్తకంలోకి ఎక్కవు.

అందుకని ఒక్కో వేటకు ఒక్కో వరస రాయండి. తేదీ, తిథి, వల రకం, కన్ను ఎంత, ఎన్ని ముక్కలు, వేసిన వేళ, లాగిన వేళ, ఎన్ని బారల లోతు, ఏ చేప ఎన్ని కిలోలు, ఎన్ని లీటర్ల ఆయిలు. ఈ చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. ఒడ్డుకు దగ్గర్లో చేప నిజంగా పెరిగితే కిలో చేపకు కాలే ఆయిలు తగ్గుతుంది. ఆయిలు ఖర్చు తీసేశాక పంచే కలాసీ (బోటు పనివాడి) వాటాలో కూడా ఆ తగ్గుదల కనిపిస్తుంది, కాబట్టి బోటు యజమాని చెప్పిన లెక్కను అక్కడ సరిచూసుకోవచ్చు.

ఇక అన్నిటికన్నా పెద్ద తప్పు ఖాళీగా వచ్చిన బోటును రాయకపోవడం. చేప దిగితేనే పుస్తకం తీస్తారు, ఒట్టి వలతో వచ్చినవాడు నేరుగా ఇంటికి పోతాడు. పది బోట్లు చూశారు, ఏడు కలిపి 420 కిలోలు తెచ్చాయి, మూడు ఖాళీ. సగటు 42 కిలోలు. ఆ మూడూ రాయకపోతే సగటు 60. ఆ రోజు వేటకు వెళ్లినవి 32 బోట్లయితే ఊరి లెక్క 1,344 కిలోలకు బదులు 1,920 అవుతుంది. అంటే సముద్రంలో లేని 576 కిలోల చేప మీ పుస్తకంలో ఈదుతున్నట్టు. పేజీ పైన ఆ రోజు ఎన్ని బోట్లు వెళ్లాయో ముందే రాసి పెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

రోజూ అన్ని బోట్లూ చూడాలంటే రెండు నెలల్లో విసుగొస్తుంది, మూడో నెలలో ఇంట్లో కూర్చుని అంకెలు వేసేస్తారు. నెలకు ఆరు రోజులు చాలు. నెలను పదేసి రోజుల మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వరసగా రెండు రోజులు పట్టుకోండి. మొదటి రెండు రోజులు ఏవన్నది చీటీ తీసి నిర్ణయించండి, మిగతావి దానికి పదేసి రోజుల ఎడంతో వస్తాయి. ‘ఇవాళ బాగా పడింది, ఇవాళ రాద్దాం’ అన్నారంటే లెక్క చెడినట్టే. పదిహేను బోట్లలోపు ఊరైతే ఆ రోజు అన్నీ చూడండి. నలభై బోట్ల ఊళ్లో ప్రతి నాలుగోది చాలు, వచ్చిన వరసలోనే లెక్కపెట్టి. ముందొచ్చిన పదింటినీ రాసేసి లేచిపోకండి. తొందరగా వచ్చిన బోటు అయితే నిండి వస్తుంది, లేదా ఇంజను చెడి వస్తుంది.

తిథి ఎందుకు రాయమన్నామో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. అమావాస్య వేటను పౌర్ణమి వేటతో పోల్చితే ఏం తేలుతుంది? క్యాలెండరు తేదీకీ తిథికీ ఏటా పదకొండు రోజుల దాకా జరుగుబాటు ఉంటుంది, మధ్యలో అధిక మాసం ఒకటి. కాబట్టి రెండూ రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం ముగిశాక మొదటి రెండు వారాల్లో పడే చేపను మార్చి నెలతో పోల్చకండి. ఆ పెరుగుదల మీ కట్టుబాటు లేని ఊళ్లలోనూ ఉంటుంది. తుపాను రోజులను ఎర్ర గీతతో వేరు చేయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఆ రెండేళ్లలో అక్టోబరు, నవంబరు లెక్కలు చూసి చేప తగ్గిందనడం ఎంత తప్పో, మరుసటి అక్టోబరు చూసి పెరిగిందనడమూ అంతే తప్పు.

ప్రశ్న: మేం గోపాలపురం తీరంలో ఏలంలో కొని బరంపురం తీసుకెళ్లి అమ్ముకునే ఆడవాళ్లం. కమిటీ లెక్కలన్నీ బోట్లవాళ్లవే. మా మాట ఎవరూ రాసుకోరు. మేమేం రాస్తే పనికొస్తుంది?
— ఒక చేపల వ్యాపారి

జవాబు: బోటువాడు చెప్పలేని రెండు సంగతులు మీ దగ్గరున్నాయమ్మా. చేప ఎంత పొడవుంది, ఎంతకు పోయింది. మమ్మల్ని అడిగితే పొడవు కొలిచే పని మీ చేతిలోనే పెడతాం.

కొలిచే పలక మీరే చేసుకోవచ్చు. అర మీటరు పొడవు చెక్క, ఒక చివర అడ్డంగా కొట్టిన పట్టీ, పట్టీ దగ్గర సున్నాతో మొదలై సెంటీమీటర్ల గీతలు. గీతలు పెయింటుతో వేయండి. కాగితపు స్కేలు అంటిస్తే తడికి సాగి, నెల తిరక్కుండా రెండు మూడు మిల్లీమీటర్లు తప్పు చూపిస్తుంది. చేప నోరు మూసి, ముట్టెను పట్టీకి ఆనించి, తోకను మామూలుగా పరిచి, తోక చివరన పొడవాటి కొస దాకా చూడండి. ఒకరు తోక చీలిక దాకా, ఇంకొకరు కొస దాకా కొలిస్తే కానాగంత చేపకు రెండు సెంటీమీటర్ల దాకా తేడా వస్తుంది. 17.8 వస్తే 17 గడిలో ఒక గీత పెట్టండి. సర్ది రాయొద్దు, ఎప్పుడూ కిందికే.

ఒక్కో రకంలో యాభై చేపలు చాలు. ఆ యాభై ఎక్కడ తీస్తారన్నదే అసలు సంగతి. పెద్దవి ఏరి ఐసు పెట్టెలో వేసేశాక మిగిలిన కుప్పలో తీస్తే ఊళ్లో చేప చిన్నదైపోయినట్టు కనబడుతుంది. ఏరకముందు, బోటు నుంచి దింపిన కుప్పలో ఒక పక్క నుంచి చేతికొచ్చినవి వచ్చినట్టు తీయండి. యాభై కొలతల సగటులో అటూ ఇటూగా అర సెంటీమీటరు తేడా ఊరికే వస్తుంది. దాన్ని పట్టుకుని పెరిగిందనీ తగ్గిందనీ మీటింగులో చెప్పకండి.

సగటుకన్నా పిల్ల చేప వాటా ఎక్కువ చెబుతుంది. నూనె కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంతలు 14 సెంటీమీటర్ల లోపువి పట్టకూడదని కేరళలో నిబంధన ఉంది. ఆ ఉత్తర్వు మీకు వర్తించదు కానీ గీతగా వాడుకోవచ్చు. యాభైలో ఆ గీత కింద ఎన్నున్నాయి? పన్నెండుంటే 24 శాతం. నెలనెలా ఆ ఒక్క అంకె గోడ మీద రాసినా చాలు, అందరికీ అర్థమవుతుంది.

ధర రాసేటప్పుడు గంప ధర కాకుండా కిలో ధర రాయండి. గంప ఒక్కో ఊళ్లో ఒక్కో కొలత. నెలకోసారి పది గంపలు తూచి సగటు వేసుకోండి, నీరు కారడానికి ఓ పావుగంట ఉంచి, ఖాళీ గంప బరువు తీసేసి. కవళ్ల గంపా చందువల గంపా ఒకే బరువు ఉండవు, వేర్వేరుగా తూచండి.

పేర్ల సంగతి ఒకటి. ఆఫీసు ఫారంలో ఒడియా పేరుంటుంది, మీరు తెలుగు పేరు చెబుతారు, రాసే కుర్రాడు ఇంకేదో రాస్తాడు. మొదటి పేజీలో చేప ఫోటో అంటించి, తెలుగు పేరూ ఒడియా పేరూ పక్కపక్కన రాసి పెట్టుకోండి. మన పేరు తక్కువదేం కాదు. విశాఖపట్నంలో చేపలను చూసి ప్యాట్రిక్ రస్సెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1803లో అచ్చువేసిన బొమ్మల్లో కానాగంతను ‘కనగుర్త’ అని మన మాటతోనే రాశాడు. 1816లో కువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ మాటనే శాస్త్రీయ నామంలో ఉంచాడు. ఈ చేపను ప్రపంచమంతా నేటికీ రాస్ట్రెల్లిగర్ కనగుర్త అంటుంది.

ప్రశ్న: బరంపురంలో చదువుకుంటున్నాను. మా ఊళ్లో కానాగంతల వల కన్ను 48 మిల్లీమీటర్ల నుంచి 54కు మార్చారు. చేప సగటు పొడవు 17.6 నుంచి 19.8 సెంటీమీటర్లకు పెరిగింది. నియమం పనిచేసిందని ప్రాజెక్టులో రాయొచ్చా?
— ఒక విద్యార్థి

జవాబు: రాయకండి. కన్ను ఎనిమిదింట ఒక వంతు పెరిగింది. 17.6కు దానిలో ఎనిమిదో వంతు, అంటే 2.2 కలపండి, 19.8. మీకు వచ్చిన అంకె సరిగ్గా అదే. కానాగంతలకు వేసే నరం వల చేపను మొప్పల దగ్గర పట్టుకుంటుంది. దాని కన్నుకు సరిపడే లావున్న చేపే చిక్కుతుంది, సన్నది దూరిపోతుంది, లావుది తల పెట్టి వెనక్కి పోతుంది. కన్ను ఎంత పెరిగితే చిక్కే చేప పొడవు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కన్ను మార్చిన మర్నాడే ఈ ఫలితం వచ్చి ఉండాలి. అంటే మీరు కొలిచింది వలను, సముద్రంలో ఉన్న చేపను కాదు.

నియమాన్ని అందరూ పాటిస్తున్నారని మాత్రం ఈ అంకె చెబుతుంది. అది చిన్న విషయమేం కాదు, ఆ మాటే రాయండి. సముద్రంలో మార్పు తెలియాలంటే కన్ను మారని వలలో చూడాలి. ఒడ్డు నుంచి పెద్దవల లాగే చోట దాని సంచి కన్ను ఏళ్ల తరబడి ఒకటే ఉంటుంది, అందులో పిల్ల చేప వాటా చూడండి. లేదా 40, 48, 54, 60 కన్నుల ముక్కలు నాలుగు ఒకే తాడుకు కట్టించి, నెలకు రెండు సార్లు ఒకే చోట వేసి లెక్కించండి. అది వ్యాపారానికి కాదు, కొలతకు.

ఇంకొకటి. పోలిక లేని ప్రగతి ఉండదు. మీ నియమం లేని పక్క ఊళ్లో అదే వలతో, అదే రోజుల్లో అదే లెక్క రాయండి. మీ ఊళ్లో బోటుకు 30 నుంచి 39 కిలోలకు పెరిగి, పక్క ఊళ్లో 28 నుంచి 36కు పెరిగితే, ఇక్కడ 30 శాతం, అక్కడ సుమారు 29. మీ నియమం వాటా దాదాపు సున్నా. ఆ ఏడు సముద్రమే బాగుందన్నమాట. నూనె కవళ్ల లాంటి చేపలకు ఇది మరీ వర్తిస్తుంది. కేరళలో 2012లో సుమారు 4 లక్షల టన్నులు పడిన కవళ్లు 2021లో 3,297 టన్నులకు పడిపోయాయి. సముద్రం వేడెక్కడం, వానాకాలం తీరు వల్ల ఈ చేప ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఒక పల్లె కట్టుబాటు దాన్ని ఆపలేదు, తేలేదు. పైగా అది గుంపు చేప. సముద్రంలో సగానికి పడిపోయినా మిగిలిన గుంపు దొరికినప్పుడల్లా వల నిండుతుంది, బోటు సగటు తగ్గదు, ఒక ఏడు అకస్మాత్తుగా మాయమవుతుంది. అందుకే కవళ్లకు బోటు సగటు కాక, గుంపు దొరక్క ఖాళీగా తిరిగొచ్చిన వేటలు వందకు ఎన్నో చూడాలి.

మీ నియమం ఫలితం చూపించగలిగేది అక్కడక్కడే ఉండిపోయే ప్రాణుల్లో. మొగలో మండపీత అయితే డొప్ప వెడల్పు కొలవండి, ముళ్ల కొస నుంచి ముళ్ల కొసకు. ఏ రెండేళ్లకో తేడా కనిపిస్తే అది చాలావరకు మీదే.

ప్రశ్న: ఇచ్ఛాపురం మండలం డొంకూరు వైపు మాది. మరబోట్లు ఒడ్డు దగ్గరికి వచ్చి మా వలలు తెంపుకుపోతున్నాయి. ఫిర్యాదు చేస్తే ఆధారం అడుగుతున్నారు. ఎలా రాసి పెట్టుకోవాలి?
— ఒక పాఠకుడు

జవాబు: ముందు మీరెక్కడున్నారో తేలాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా మరబోట్లు వేటాడకూడదు. ఒడిశాలో 1982 చట్టం కింద 5 కిలోమీటర్లు. ఒడ్డుకు 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న అదే మరబోటు మీ ఎదుట తప్పు చేస్తున్నట్టు, సరిహద్దు దాటి ఉత్తరానికి జరిగితే తప్పు లేనట్టు. అందుకే ‘ఒడ్డు దగ్గర’ అని రాస్తే ఏ ఆఫీసులోనూ చెల్లదు.

ఫోనులో స్థానం చూసి రాసేటప్పుడు ఒక తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. జీపీఎస్ మిషను 19 డిగ్రీల 15.5 నిమిషాలు అని చూపిస్తే పుస్తకంలో 19.155 అని ఎక్కిస్తారు. నిమిషాలను అరవైతో భాగించాలి. 15.5 నిమిషాలంటే 0.2583, అంటే సరైనది 19.2583. ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి మీ మరబోటు పదకొండు కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగిపోతుంది, ఒక్కోసారి రాష్ట్రమే మారిపోతుంది. మిషనులో, ఫోనులో ఒకే పద్ధతి పెట్టించుకోండి.

ఫోటోలో బోటు నంబరు పడాలి. నంబరు ‘ఐఎన్‌డీ’తో మొదలై తర్వాత రాష్ట్రం అక్షరాలు వస్తాయి, ఏ రాష్ట్రం మత్స్యశాఖకు రాయాలో ఆ అక్షరాలే చెబుతాయి. నంబరు కనబడకపోతే రంగు, వీల్‌హౌసు (బోటు నడిపే గది) తీరు, వల నీళ్లలో ఉందా పైకి లాగి ఉందా రాయండి. వల పైనుంటే దారిన పోతున్నానంటాడు. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, రసీదు నంబరు, జవాబు వచ్చిన తేదీ పక్కనే రాయండి. ప్రభుత్వం కూడా ఈ ఉమ్మడి ఏర్పాటులో భాగస్వామే కదా. పది ఫిర్యాదుల్లో ఎన్నిటికి ఎన్ని రోజుల్లో కదలిక వచ్చిందన్నది వాళ్ల ప్రగతి పత్రం. అది కమిటీ మీటింగులో చదవాలి.

ప్రశ్న: రామయ్యపట్నం వైపు ఒక ఊళ్లో ఆరు నెలలుగా ఒక్క జరిమానా కూడా పడలేదు. అంటే అందరూ కట్టుబాటు పాటిస్తున్నట్టేనా?

జవాబు: కాపలా ఎన్ని గంటలు తిరిగింది? ఆ అంకె లేకుండా జరిమానా సున్నా అనేదానికి అర్థం లేదు. నెలకు 40 గంటలు తిరిగి రెండు తప్పులు పట్టుకున్న ఊరు, 4 గంటలు తిరిగి ఏదీ పట్టుకోని ఊరికన్నా మెరుగ్గా ఉండొచ్చు. పట్టుకున్న తప్పులను కాపలా గంటలతో భాగించి రాయండి. ఇంకో వరసలో పట్టుబడ్డవాళ్లు ఎందరు, జరిమానా కట్టినవాళ్లు ఎందరు. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కువైతే, వదిలేసినవాళ్లు కులపెద్దకూ కార్యదర్శికీ ఏమవుతారో ఊరికి ఎలాగూ తెలుసు. జరిమానా మొదటే వెయ్యి రూపాయలని పెడితే ఎవరూ వెయ్యలేక వదిలేస్తారు. మొదటిసారి మందలింపు, రెండోసారి చిన్న మొత్తం, తర్వాత పెంచుకుంటూ పోవాలి. ఉమ్మడి వనరులను తరాల తరబడి కాపాడుకున్న ఊళ్లను పరిశీలించి, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ కూడా ఇలా మెట్టుమెట్టుగా పెంచే శిక్ష ఉన్నచోటే కట్టుబాట్లు నిలిచాయని గుర్తించింది.

ప్రశ్న: ఋషికుల్య మొగకు దగ్గర్లో ఉంటాం. తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ ఎదుట 20 కిలోమీటర్ల వరకూ వేట ఆపుతారు. ఏడాది లెక్క ఎలా పోల్చాలి?

జవాబు: ఏడాదికి ఏడాది పోల్చకండి. జూన్ రెండో సగం నుంచి అక్టోబరు దాకా మాత్రమే, ఒకే నెలకు ఒకే నెల. నిషేధం వల్ల పోయిన రాబడి వేరే లెక్క. 212 రోజులూ పోయినట్టు రాస్తే ఎవరూ నమ్మరు. గాలివాన రోజులు, పండుగ రోజులు ఎలాగూ వేట ఉండదు. నిషేధం లేని దక్షిణపు ఊళ్లో అదే రకం బోట్లు ఆ నెలల్లో ఎన్ని రోజులు వెళ్లాయో చూసి, దాన్నే తీసుకోండి.

ప్రశ్న: ఈ లెక్కలకు ఏ యాప్ మంచిది?

జవాబు: ఆరు నెలలు పుస్తకంలో రాయగలిగితే అప్పుడు యాప్ సంగతి చూద్దాం. గట్టి అట్ట పుస్తకం, ప్రతి శనివారం పేజీల ఫోటో తీసి మరో ఇద్దరి ఫోన్లకు పంపడం, ఇంతే. రాసేది పెన్నుతో కాదు, పెన్సిలుతో. ఉప్పునీళ్లు పడినా అక్షరం చెదరదు.